కుడివైపు రెండు చుక్కలు

సన్యాసిరాజు ఇంట్లో చుక్క పడని ఇనప వస్తువు లేదు. స్టీలు కుక్కర్ మూత అంచున ఒక చుక్క, గిన్నె అంచున ఒక చుక్క. రెండూ ఎదురెదురుగా వస్తే మూత ఒక్క తిప్పులో కూర్చుంటుంది. గేటు బందులకు చుక్కలు, నీళ్ల మోటారు కవరుకు చుక్కలు. ఇనప మంచం విప్పి మళ్లీ బిగించాల్సి వస్తుందని దాని నాలుగు కాళ్లకు వరసగా ఒకటి, రెండు, మూడు, నాలుగు. జతగా ఉండే వస్తువైతే ఎడమదానికి ఒక చుక్క, కుడిదానికి రెండు. ఆ లెక్క ఎన్నడూ తప్పలేదు.

"నా నుదుటన కూడా ఓటి కొట్టీయండి. పైడితల్లి పండగలో తప్పిపోతే ఎవులో ఒకలు తెచ్చి అప్పసెబుతారు" అనేది భార్య కాశమ్మ.

"నీకు సుక్కెందుకే? నీ గొంతు ఇని ఎవుడైనా తెచ్చి దించీసి పోతాడు" అనేవాడు.

ఆనందపురం పక్క పల్లెలో కూరగాయలు పండించే ఇంట పుట్టి, ఇరవై రెండేళ్లకు స్టీల్ ప్లాంటులో ఖలాసీగా చేరాడు. ఫిట్టరయ్యాడు. పెద్ద ఫిట్టరయ్యాడు. అరవయ్యో ఏట మెడలో దండ వేయించుకుని బయటికొచ్చాడు. ఈ చుక్కల విద్య నేర్పినవాడు గంగాధరరావు. రాజోలు వైపు మనిషి. ఖలాసీని కూడా 'అండీ' అనే పిలిచేవాడు, తిట్టినా 'అండీ' అనే తిట్టేవాడు. "గుర్తు పెట్టకుండా మిషను విప్పినోడూ, ఇంటి తాళంచెవి గోదాట్లో పారేసి ఇంటికెళ్లినోడూ ఒకటేనండి. తమరు ఆ ఇద్దర్లో ఎవరండి?" అని నలుగురిలో అడిగేవాడు. విప్పే ముందు గుర్తు పెట్టాలి. సుద్దముక్క చెరిగిపోతుంది, రంగు నూనెకు పోతుంది, మొనదేలిన పంచ్ ఆనించి సుత్తితో కొట్టిన చుక్క పోదు. తను రిటైరయిన రోజున గంగాధరరావు జేబులోంచి వేలెడు పొడవున్న ఉక్కు పంచ్ తీసి సన్యాసిరాజు చేతిలో పెట్టాడు. ఆ తర్వాత ప్లాంటులో ఎక్కడైనా మొన దిగిన పొందికైన చుక్కలు కనిపిస్తే, ఈ పని రాజుది అని మిగతావాళ్లకు తెలిసిపోయేది. ఆయన పేరు ఏ బోర్డు మీదా లేదు. చుక్కలే ఆయన పేరు.

రిటైరయ్యాక ఆనందపురంలో తన వాటా స్థలంలో ఇల్లు కట్టుకుని, వెనక రేకుల షెడ్డు వేసుకున్నాడు. రైతుల మోటార్లు వచ్చేవి, కుట్టు మిషన్లు వచ్చేవి. మద్దిలపాలెం నుంచి నాగవంశీ అప్పుడప్పుడు సైకిళ్లు పంపేవాడు.

నాగవంశీకి మద్దిలపాలెం బస్ డిపో దగ్గర సైకిల్ షాపు ఉంది. తండ్రి అమలాపురం వైపు నుంచి పోర్టులో క్రేను ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. వంశీకి ముప్పై దాటలేదు. ఖరీదైన సైకిళ్ల పని ఫోన్లో చూసి కొంత, తన సైకిలు పాడుచేసుకుని కొంత నేర్చుకున్నాడు. సైకిళ్లలో గాలి బలంతో కుదుపును ఆపే షాక్‌లు విప్పి, గాలి పోకుండా పట్టి ఉంచే సీళ్లు మార్చి, మళ్లీ బిగించడం ఊరంతటిలో తనకే వచ్చని నమ్మకం కుదిరాక షాపు బోర్డు కింద కొత్తగా ఒక వరస రాయించాడు: 'షాక్ సర్వీస్ చేయబడును.' తుప్పుపట్టి రాని బోల్టు ఏదైనా తగిలితే మాత్రం, "ఇది నా వల్ల కాదండి, ఆనందపురంలో బాబాయ్‌గారు ఉన్నారు, ఆయన చేతికి రాని బోల్టు లేదండి" అని పంపేసేవాడు.

అలా వంశీ పంపితే వచ్చింది ఆశాజ్యోతి.

ఆమె ఆనందపురం హైస్కూల్లో వ్యాయామం టీచరు. ఆదివారం వస్తే ముప్పైమంది గుంపుతో కొండదారుల్లో సైకిల్ తొక్కే మనిషి. బదిలీ మీద వెళ్తున్న నేవీ ఆఫీసరు దగ్గర పాత మౌంటెన్ బైక్ కొంది. పదిహేనేళ్లనాటిది. ముందూ వెనకా రెండువైపులా షాక్‌లున్న రకం. సముద్రం వైపు బాల్కనీలో ఏళ్ల తరబడి నిలబెట్టేయడంతో ఉప్పుగాలి దాని కీళ్లన్నీ తినేసింది.

సన్యాసిరాజు దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. సీటు పట్టుకుని కిందికి నొక్కాడు. మధ్యలో ఎక్కడో కిర్రుమంది.

"ఇదేటమ్మా, నడుం ఇరిగిపోయిందేటి?"

"విరగలేదు బాబాయ్. వెనక చక్రం పైకీ కిందికీ ఆడటానికి అలా కీళ్లు పెట్టారు."

"ఆడే కీలు ఏదైనా అరుగుద్ది. నా మోకాలు సూడు, కొత్తప్పుడు దీనికన్నా బాగుండేది."

"మీ మోకాలు నేను చూడలేను గానీ, దీన్ని మీరు చూడండి. కొత్తది కొనాలంటే నా వల్ల కాదు. కొండ మీంచి నన్ను క్షేమంగా దించితే చాలు."

"దించుద్ది. దించకపోతే నాను దిగుతాను పనిలోంచి."

ఆ మాట ఎందుకన్నాడో ఆయనకే తెలీదు. ఆ సైకిలు చూడగానే చేతులు ఉవ్విళ్లూరాయి. మూడేళ్లుగా మోటార్ల బేరింగులు మార్చి మార్చి విసిగిన చేతులు.

నెల పట్టింది పని. రోజూ ఉదయం బోల్టులకు కిరసనాయిలు, ఇంజనాయిలు కలిపి చుక్కలు చుక్కలుగా పోసేవాడు. అల్యూమినియం కాబట్టి మంట పెట్టకుండా మరిగే నీళ్లలో ముంచిన గుడ్డ చుట్టి, ఒకవైపు పాదం ఆనించి, నాలుగో రోజున మొదటి బోల్టు కదిలించాడు. బేరింగుల్ని సుత్తితో కొట్టకుండా పొడవాటి బోల్టూ నట్టూ పెట్టి కొంచెం కొంచెంగా లాగాడు. లోపల గుండ్లు కుంకుమలా రాలాయి. కీళ్లలో తుప్పు తినేసిన పిన్నుల బదులు, ప్లాంటులో తనతో పనిచేసిన అర్జునరావుకు ఆటోనగర్‌లో ఉన్న లేత్ మీద స్టెయిన్‌లెస్ పిన్నులు చేయించుకొచ్చాడు. ఆదివారాలు వంశీ వచ్చేవాడు. ముందు మూడు పళ్లచక్రాలు తీసేసి ఒక్కటే పెట్టాడు. వెనక పళ్లెం అంత పళ్లచక్రం వేశాడు. తీగలతో లాగే బ్రేకుల బదులు నూనెతో పట్టే బ్రేకులు బిగించాడు. వెనక షాక్ మాత్రం కొత్తది దొరకలేదు. ఆ కొలతవి ఇప్పుడు చేయడం లేదట. వేరే సైకిలు నుంచి తీసిన పాతది తెచ్చి, తనే విప్పి, సీళ్లన్నీ మార్చి, గాలి నింపి తెచ్చాడు.

"సూడు బావూ, నీ గాలి నమ్ముకుని ఆ గుంట కొండెక్కుద్ది" అన్నాడు సన్యాసిరాజు.

"మీ పిన్నులూ నా గాలీ కలిసే మోస్తాయండి" అన్నాడు వంశీ, చెవులదాకా నవ్వుతూ.

అసలు సంగతి ఆ నెల మొదట్లోనే, వంశీ లేని రోజున జరిగిపోయింది.

వెనక చక్రం గోతిలో పడినప్పుడల్లా ఆ దెబ్బను షాక్‌కు అందించే అల్యూమినియం ముక్కలు రెండుంటాయి. అరచేతి పొడవున, ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి. లింకులు అంటారు. చూడటానికి ఒకేలా ఉంటాయి గానీ ఒకదాని చోట ఒకటి పట్టవు. విప్పే ముందు సన్యాసిరాజు పంచ్ తీశాడు. ఎడమదానికి లావుగా ఉన్న తల మీద ఒక చుక్క పెట్టాడు. కుడిదాని తల మీద సరిగ్గా అదే చోట కంపెనీ పేరు ఉబ్బెత్తుగా పోతపోసి ఉంది. పంచ్‌ను కాస్త కిందికి, లింకు సన్నబడే మెడ దగ్గరికి జరిపాడు. సుత్తితో తట్టాడు. ఉక్కు మీద పంచ్ పడితే మణికట్టుకు తిరిగొచ్చే దెబ్బ ఒకటుంటుంది. అది రాలేదు. మొన మెత్తగా దిగింది. వేళ్లకు తెలిసింది. చేయి ఒక్క క్షణం ఆగింది. బల్ల సొరుగులో మనవరాలు వదిలేసి వెళ్లిన స్కెచ్ పెన్ను కూడా ఉంది.

కానీ కుడిదానికి రెండు ఉండాలి. రెండోది కూడా తట్టాడు.

సైకిలు తయారైన రోజున కాశమ్మ హ్యాండిలుకు పసుపు రాసి బొట్టు పెట్టింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. ఆశాజ్యోతి తొక్కితే రెండూ ఒక్క చప్పుడుతో చితికాయి. స్కూల్లో పిల్లలకు ఆ చుక్కలు వేలితో చూపించి "ఇది చేసినాయన సంతకం" అని చెప్పానని ఆమె తర్వాత చెప్పినప్పుడు, సన్యాసిరాజు "ఊరుకో అమ్మా" అన్నాడు గానీ ఆ రోజు అన్నం రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

నాలుగు నెలలు తిరిగింది సైకిలు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున్న, కొండ దిగుతూ మోకాలెత్తు బండ మీంచి దూకించినప్పుడు వెనక భాగం కూలబడి ఆశాజ్యోతి పడిపోయింది. భుజానికీ మెడకూ మధ్య ఎముక విరిగింది. మర్నాడు మధ్యాహ్నం వంశీ ట్రాలీ ఆటోలో సైకిలు వేసుకొచ్చాడు. చేయి మెడకు కట్టుకుని ఆమె కూడా వచ్చింది. వద్దన్నా వినలేదట.

సైకిలును షెడ్డులో బల్లకు ఆనించారు. కుడివైపు లింకు రెండు ముక్కలైంది. సన్యాసిరాజు కళ్లద్దాలు తుడుచుకుని వంగి చూశాడు.

పగులు వంకర పోలేదు. లింకు మెడకు అడ్డంగా, రెండు చుక్కల మధ్యలోంచి, రెండు పూసలు గుచ్చిన దారంలా వెళ్లింది. విరిగిన చోట లోపలి ముఖం మీద చుక్కల దగ్గర సగందాకా నల్లగా మాసి ఉంది. అంటే అక్కడ చాలా రోజుల కిందటే పగలడం మొదలైంది. మిగతా సగం తెల్లగా మెరుస్తోంది. అది నిన్నటిది. ఇలాంటి ముఖాలు ఆయన ప్లాంటులో ఎన్నో చూశాడు. పగులు ఎక్కడ పుట్టిందో చెప్పమని ఇంజనీర్లు కుర్రవాళ్లను తెచ్చి ఆయన ముందు నిలబెట్టేవారు. గంగాధరరావు చెప్పింది ఒక మాట కాదు, రెండు. గుర్తు పెట్టకుండా విప్పకండి. బరువు మోసేచోట గుర్తు పెట్టకండి. మొదటిది ఉద్యోగం చేసినన్నాళ్లూ జపం చేశాడు. రెండోది ఉక్కు మందం వల్ల ఎప్పుడూ అక్కర పడలేదు.

వంశీ షాక్ దగ్గర కూర్చున్నాడు. గాలి కొలిచే పంపు తగిలించి చూశాడు. ముల్లు సున్నా దగ్గరే ఉండిపోయింది.

"గాలి లేదండి" అన్నాడు. పంపు తీసి మళ్లీ తగిలించాడు.

షాక్‌కు గాలి నింపే మూతి మీద కొత్తగా గీరుకుపోయిన గీత ఉంది. విరిగిన లింకు కొస పోయి దానికి తగిలింది. అందుకే గాలి పోయింది. సన్యాసిరాజు కంటికి అది తెలుగు అక్షరమంత స్పష్టంగా ఉంది. వంశీ కంటికి ఇంకా అందలేదు. అతను తన సీళ్లనే చూస్తున్నాడు.

"గాలి ముందే పోతే లింకు మీద బరువంతా పడి విరుగుతుందా బాబాయ్?" అంది ఆశాజ్యోతి. "మా సైకిలు వాళ్ల ఫోన్ గ్రూపులో అందరూ అదే అంటున్నారు. పాత షాక్ వేయించుకోవద్దని చెప్పాం కదా అంటున్నారు. మీరు చూసి చెప్పండి. ముందు ఏది పోయింది?"

రేకుల కప్పు వేడికి టక్ మంది. కాశమ్మ మజ్జిగ గ్లాసులు తెచ్చి అందరి ముఖాలూ చూసి గుమ్మంలోనే నిలబడింది.

"షాక్‌లో గాలి లేదు కదమ్మా" అన్నాడు సన్యాసిరాజు.

అబద్ధం ఒక్కటీ లేదు అందులో. వంశీ తల దించుకున్నాడు.

"నాదేనండి తప్పు. సీలు సరిగ్గా కూర్చోలేదేమో. టీచరుగారూ, మీ ఎముక నేనే విరిచానండి."

"ఛ, అలా అనకు" అంది ఆమె. కానీ కాదు అనలేదు.

విరిగిన లింకు చూసి కొత్తది చేస్తానని చెప్పి సన్యాసిరాజు ఆ రెండు ముక్కలూ తనే ఉంచుకున్నాడు. షాక్‌ను వంశీ విప్పి పట్టుకెళ్లాడు. వాళ్లు వెళ్లాక పంచ్ ఉండే డబ్బాలో, గుడ్డ కింద పెట్టి మూత వేశాడు. ఆ సాయంత్రం కాశమ్మ కుక్కర్ మూత తిప్పుతూ చుక్కలు కుదరడం లేదని అంటే, "దాని కర్మ, వదిలీ" అని కసిరాడు. ఆమె ఆశ్చర్యపోయింది.

తేలు కుట్టిన దొంగ కేక వేయలేడు. ఆ నెలంతా ఆయన బతుకు అలాగే ఉంది. అన్నం దగ్గర కూర్చుంటే 'ముందు ఏది పోయింది' అని ఆ గొంతు వినపడేది. తనకు తను జవాబులు చెప్పుకునేవాడు. బండ మీంచి దూకించకపోతే విరిగేది కాదు. పదిహేనేళ్ల పాత సైకిలు, ఇవాళ కాకపోతే రేపు ఎక్కడో అక్కడ పోయేదే. పిల్ల బతికే ఉంది, ఎముక అతుక్కుంటుంది. ఇవన్నీ నిజాలే. ఆ రోజు షెడ్డులో అన్నమాట కూడా నిజమే. నిజాలు ఇలా పోగుపడుతుంటే ఆయనకు భయం వేసింది.

మూడో వారంలో వంశీ వచ్చాడు. చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా. లోపల షాక్ ముక్కముక్కలుగా విప్పి, గుడ్డ పరిచి పేర్చి ఉంది.

"బాబాయ్‌గారూ, మీరొక్కసారి చూడాలండి. ఈ సీళ్లన్నీ అద్దం కింద పెట్టి చూశానండి. ఒక్క గీత లేదు. గాలి మూతి మాత్రం కొత్తది వేసి, మళ్లీ గాలి నింపి మూడ్రోజులు బకెట్లో ముంచి ఉంచానండి. ఒక్క బుడగ రాలేదు. ఇంతకీ గాలి ఎలా పోయిందండి?"

"పాత మూతి ఏటి సేసినావు?"

"పడేశానండి. పడ్డప్పుడు రాయి గీరుకుని పాడైపోయింది కదా."

సన్యాసిరాజు డబ్బాలోంచి ఒక సీలు తీసి చూసి, మళ్లీ గుడ్డ మీద పెట్టాడు.

"సీళ్లలో తప్పు కనపడితే బాగుండునండి" అన్నాడు వంశీ. "కనపడితే ఇంకోసారి చెయ్యకుండా ఉంటాను. కనపడకపోతే ఏ షాక్ విప్పాలన్నా చేతులు రావడం లేదండి. మీరు పెద్దవారు. ప్లాంటులో ఎన్నో చూశారు. నా పొరపాటు ఎక్కడో చెప్పండి."

అప్పుడు చెప్పవచ్చు. డబ్బా మూరెడు దూరంలో బల్ల మీదే ఉంది. మూత తీస్తే చాలు. సన్యాసిరాజు చేయి బల్ల మీదికి వెళ్లి, పక్కనున్న గుడ్డపీలిక తీసుకుని, శుభ్రంగా ఉన్న వేళ్లను తుడవడం మొదలుపెట్టింది.

"కొన్ని అలా జరుగుతాయి బావూ" అన్నాడు.

వంశీ డబ్బా మూసుకుని లేచాడు. గేటు దాటేటప్పుడు వంగి ఆయన కాళ్లకు దణ్ణం పెట్టబోతే, సన్యాసిరాజు వెనక్కి గెంతినంత పని చేశాడు.

"ఏటైంది మీకు?" అంది కాశమ్మ, వాడు వెళ్లాక. "గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు సేత్తన్నారు. ఆడు దణ్ణం ఎడితే కాలు కాలిపోయిందా?"

"నీకెందుకే?"

"నాకెందుకు మరి. మూడు వారాల నుంచి ఆ పంచ్ ముట్టుకోలేదు మీరు. నాను సూడలేదనుకున్నారా?"

ఆయన షెడ్డులోకి వెళ్లిపోయాడు. మర్నాడు ఆటోనగర్ వెళ్లి అర్జునరావు దగ్గర గట్టి అల్యూమినియం దిమ్మ తెచ్చుకున్నాడు. రెండు లింకులూ కొత్తగా చేయాలి. అర్జునరావు మిషను మీద మొరటుగా కోసి ఇస్తానన్నాడు, మిగతాది ఆకురాయితో తనే చేసుకుంటానన్నాడు సన్యాసిరాజు. పదకొండు రోజులు అరగదీశాడు. మెడ దగ్గర పాతదానికన్నా మందం ఉంచాడు. మూల అన్నది లేకుండా గుండ్రంగా తిప్పాడు. తడిపి వాడే సన్నటి గరుకు కాగితంతో అద్దంలా రుద్దాడు. తప్పు తన చేతుల్లోంచి ఆ రాపిడిలో పోతుందేమో అనుకున్నాడు. లింకులు మెరిశాయి. అది మాత్రం పోలేదు.

ఆ మధ్యలో ఒకసారి మద్దిలపాలెం వైపు పని పడింది. బస్సు డిపోలోకి తిరిగేటప్పుడు కిటికీలోంచి వంశీ షాపు కనిపించింది. బోర్డు కింది వరస మీద తెల్ల రంగు పూసేశాడు. ఒక్క పూతే. లోపలి అక్షరాలు ఇంకా మసగ్గా కనిపిస్తున్నాయి. షాపు ముందు ఆదివారం గుంపు సైకిలు ఒక్కటీ లేదు. వంశీ స్టూలు మీద కూర్చుని పిల్లల సైకిలుకు పంక్చరు వేస్తున్నాడు. సన్యాసిరాజు బస్సు దిగకుండా డ్రైవరు దించేసేదాకా సీట్లోనే ఉండిపోయి, తర్వాత వెనక గేటు నుంచి బయటపడ్డాడు.

మార్చి నెలాఖరున, ఒంటిపూట బడి అయ్యాక, ఆశాజ్యోతి వచ్చింది. చేతికి కట్టు తీసేశారు. భుజం ఇంకా పూర్తిగా లేవడం లేదు. సైకిలు బల్లకు ఆనించి ఉంది, కొత్త లింకులతో, షాక్ లేకుండా. ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని కుడివైపు లింకు మీద వేలు రాసింది. పైనుంచి కిందికి, మళ్లీ కిందినుంచి పైకి. తల వంచి ఎడమదాన్ని చూసింది.

"చుక్కలేవీ బాబాయ్?"

"ఎయ్యలేదమ్మా."

"అదేంటి? కుక్కర్‌కి కూడా వేస్తారు కదా. పిల్లలకు ఏం చూపించను నేను?"

నవ్వుతూనే అడిగింది. సన్యాసిరాజు బల్ల దగ్గరికి వెళ్లాడు. డబ్బా మూత తీశాడు. గుడ్డ కిందనుంచి రెండు ముక్కలూ తీసి, విరిగిన ముఖాలు పైకి వచ్చేలా ఆమె అరచేతిలో పెట్టాడు.

"సుక్కల్లోంచే ఇరిగింది" అన్నాడు.

ఆమె ముక్కలను వెలుతురుకు తిప్పింది. ఆయన తన జేబులోని పెన్నుతో, నల్లగా ఉన్న సగం చూపించాడు, తెల్లగా ఉన్న సగం చూపించాడు. పంచ్ దిగినప్పుడు వేళ్లకు తెలిసిన సంగతి కూడా చెప్పాడు. సొరుగులోని స్కెచ్ పెన్ను సంగతి చెప్పాడు. అదొక్కటి ఆయన చెప్పకపోతే ఆమెకు తెలిసే దారే లేదు.

"లింకు ఇరిగాక దాని కొస పోయి గాలి మూతికి తగిలింది. వంశీ సీలు బాగానే ఉంది."

ఆశాజ్యోతి లేచి నిలబడి, తెలియకుండానే భుజం పట్టుకుంది.

"ఆ రోజు అడిగాను కదా బాబాయ్. ఇక్కడే. ఇదే చోట."

"అడిగినావు."

"నేను గ్రూపులో పెట్టాను. వంశీ షాక్ వల్లే పడ్డానని. ముప్పైమందీ చదివారు. మీరు పెద్దవారని, మీరు చూసి చెప్పారని కూడా రాశాను."

ఆ చివరి ముక్క ఆయనకు తెలీదు. బల్ల అంచు పట్టుకున్నాడు.

"పడినందుకు నాకు కోపం లేదు" అంది ఆమె. "కొండ మీద పడటం నాకు కొత్త కాదు." ముక్కలు రెండూ తిరిగి ఆయన చేతిలో పెట్టింది. "సైకిలు ఇక్కడే ఉండనివ్వండి. షాక్ బిగించాలి కదా. అది బిగించే మనిషి నేను పిలిస్తే రాడు."

"నానెల్తాను."

"ఎప్పుడు?"

సన్యాసిరాజు చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. గుమ్మంలో కాశమ్మ ఉంది. అంతా విన్నట్టే ఉంది. నీళ్ల సీసా అందించింది.

ఆనందపురం నుంచి మద్దిలపాలెం దాకా బస్సులో సీటు దొరికింది గానీ కూర్చోలేదు. ముక్కలున్న జేబు మీద చేయి వేసుకుని, కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. మధురవాడ దగ్గర ఎవరో "కూకోండి తాతా" అంటే తల అడ్డంగా ఊపాడు.

వంశీ షాపులో ఒక్కడే ఉన్నాడు. ఆయన్ని చూసి స్టూలు తుడిచి ముందుకు జరిపాడు. "రండి బాబాయ్‌గారూ, కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ణి కదండి." సన్యాసిరాజు కూర్చోకుండానే ముక్కలు కౌంటరు అద్దం మీద పెట్టాడు. చెప్పాల్సింది బస్సులో వరస పెట్టుకున్నాడు. ఆ వరస ఇప్పుడు రాలేదు. రెండు చుక్కలు వేలితో చూపించి, "ఇవి నాయి" అన్నాడు. "నీ సీల్లో తప్పు లేదు. ఆ రోజే తెలుసు నాకు. టిఫిన్ డబ్బా తెచ్చిన రోజూ తెలుసు."

వంశీ భూతద్దం తీశాడు. ముక్కను దాని కిందికి తెచ్చి, ఫోను లైటు వేసి చూశాడు. పగులు పుట్టిన చోటు అతనే కనుక్కున్నాడు. చూస్తున్నంతసేపూ అతని చెవులు ఎర్రబడుతూ వచ్చాయి. ఇంతలో ఒకామె పాప సైకిలుకు గాలి పట్టమని వచ్చింది. వంశీ లేచి వెళ్లి రెండు చక్రాలకూ గాలి పట్టాడు, పాప బెల్లు పనిచేస్తోందో లేదో చూశాడు, వచ్చి మళ్లీ కూర్చున్నాడు.

"పన్నెండు రోజులు ఆ బకెట్ పక్కనే తిరిగానండి" అన్నాడు చివరికి. "మూడ్రోజులని మీకు చెప్పాను. సిగ్గేసి తక్కువ చెప్పాను."

సన్యాసిరాజు తల వంచుకున్నాడు.

"చిన్నవాణ్ణి కాబట్టి తిట్టలేనండి మిమ్మల్ని."

"తిట్టు బావూ."

"తిట్టనండి. నాకు తిట్లతో పనిలేదు." వంశీ ఫోను తీసుకున్నాడు. వేలితో ఏదో వెతికి, ఫోనును కౌంటరు మీంచి ముందుకు తెచ్చి పట్టుకున్నాడు. "నేను గ్రూపులోంచి వెళ్లిపోలేదండి. ఎవరూ మాట్లాడకపోయినా అందులోనే ఉన్నాను. మీరే చెప్పండి. నేను రాస్తే ఎవరూ నమ్మరు. మీ గొంతుతో అయితే వింటారు. రికార్డయ్యేలా నేను నొక్కి పట్టుకుంటాను, మీరు మాట్లాడండి. వేలు తీస్తే అందరికీ వెళ్లిపోతుంది."

ఫోను మీద ఎవరి ముఖమూ లేదు. వంశీ బొటనవేలి పక్కన సెకన్ల అంకెలు మాత్రం కదులుతున్నాయి. వంశీ కాక, ముప్పైమందిలో ఆశాజ్యోతి ఒక్కతే ఆయనకు తెలిసిన మనిషి. ప్లాంటులో మైకు ముందు నిలబెట్టి దండ వేసిన రోజున కూడా రెండు ముక్కలు మాట్లాడలేక నవ్వేసి దిగిపోయాడు.

"నాను... సన్యాసిరాజుని. ఆనందపురం ఫిట్టర్ని. టీచరమ్మ సైకిలు ఇప్పింది నాను. లింకు మీద పంచ్‌తో రెండు సుక్కలు కొట్టినాను. కొట్టకూడని సోట కొట్టినాను. అక్కడే పగిలింది. ఆ రోజు సూడగానే నాకు తెలిసిపోనాది. తెలిసి, ఈ అబ్బాయి మీద పడుతుంటే ఊరుకున్నాను."

ఆగాడు. డిపోలోంచి బస్సు ఒకటి హారను కొడుతూ బయటికొచ్చింది. ఆ చప్పుడంతా ఫోనులోకి వెళ్లింది. వంశీ బొటనవేలు తీయలేదు. ఇంకా ఏదో మిగిలిందని అతనికీ తెలుసు. సన్యాసిరాజు ఫోనుకు దగ్గరగా వంగాడు.

"టీచరమ్మ నన్నో మాట అడిగింది. ముందు ఏది పోయిందని. ముందు పోయింది లింకు. షాక్ తరవాత."

వంశీ వేలు తీశాడు.